500 జీబీ ఫైల్, 38 జీబీ డేటా: స్పార్స్ ఫైళ్లు బ్యాకప్‌లో ఎక్కడ ఉబ్బుతాయి?

మీ ప్రశ్న ఇది: లినక్స్ సర్వర్‌లో ఒక వర్చువల్ మెషీన్ డిస్క్ ఫైల్ ఉంది. ఫైళ్ల జాబితా చూపే ఎల్ఎస్ కమాండ్ దాన్ని 500 జీబీ అంటోంది, డిస్క్ మీద వాడిన చోటును చూపే డీయూ కమాండ్ 38 జీబీ అంటోంది. మామూలుగా టార్ (ఫైళ్లను ఒకే ఆర్కైవ్‌గా కట్టే ప్రోగ్రామ్) చేసి జీజిప్‌తో కుదించిన బ్యాకప్ 20 జీబీ లోపే వచ్చింది కానీ తయారు కావడానికి గంటలు పట్టింది. ఇప్పుడు 250 జీబీ డిస్క్ మీదికి రీస్టోర్ చేస్తుంటే స్థలం లేదంటూ మధ్యలో ఆగిపోతోంది. బ్యాకప్ పాడైందేమోనని మీ భయం.

పాడవలేదు. ముందు ఆ ఫైల్‌ను బయటికి తీసే దారి చెబుతాను, కారణాలు తర్వాత చూద్దాం. టార్‌కు క్యాపిటల్ ఓ అనే ఆప్షన్ ఉంది. అది ఫైల్‌ను డిస్క్ మీద రాయకుండా స్టాండర్డ్ అవుట్‌పుట్‌కు పంపుతుంది. దాన్ని పైప్ ద్వారా, అంటే ఒక ప్రోగ్రామ్ అవుట్‌పుట్‌ను నేరుగా మరోదానికి ఇచ్చే దారిలో, బ్లాకుల లెక్కన కాపీ చేసే డీడీ కమాండ్‌కు అందించండి. డీడీకి కన్వ్ దగ్గర స్పార్స్ అని, బ్లాక్ సైజు 64 కేబీ అని, ఐఫ్లాగ్ దగ్గర ఫుల్‌బ్లాక్ అని ఇవ్వండి. అప్పుడు డీడీ పూర్తిగా సున్నాలతో నిండిన ప్రతి బ్లాకునూ రాయకుండా దాటేస్తుంది. ఫుల్‌బ్లాక్ మరిచిపోవద్దు. పైప్ నుంచి డేటా ముక్కలు ముక్కలుగా వస్తుంది కాబట్టి అది లేకపోతే బ్లాకులు సగం సగం చదవబడతాయి. ఇంకొక షరతు, రాసే చోట అదే పేరుతో పాత ఫైల్ ఉండకూడదు. పాత ఫైల్‌ను ఖాళీ చేయకుండా ఉంచే నోట్రంక్ అనే ఆప్షన్ కూడా వాడి ఉంటే, దాటేసిన చోట్ల పాత ఫైల్‌లోని చెత్త అలాగే మిగిలిపోతుంది. ఈ పద్ధతిలో మీ ఫైల్ 250 జీబీ డిస్క్‌లో హాయిగా పడుతుంది.

ఇక జరిగింది ఏమిటో చూద్దాం. ప్రతి ఫైల్‌కూ రెండు కొలతలు ఉంటాయి. ఒకటి నిడివి, అంటే మొదటి బైట్ నుంచి చివరి బైట్ దాకా ఉన్న దూరం. రెండోది డిస్క్ మీద దానికి కేటాయించిన బ్లాకులు. చాలా ఫైళ్లకు ఈ రెండూ దాదాపు సమానం కాబట్టి తేడా మనకు పట్టదు. స్పార్స్ ఫైల్‌లో మాత్రం మధ్య మధ్య కొన్ని భాగాలకు బ్లాకులే ఉండవు. వాటినే హోల్స్ అంటాం. ఏ ప్రోగ్రామైనా హోల్‌ను చదివితే, ఆపరేటింగ్ సిస్టమ్ మూలభాగమైన కెర్నల్ డిస్క్ జోలికి పోకుండా సున్నాలు సృష్టించి ఇస్తుంది. అక్కడ ఏదైనా రాసిన క్షణాన బ్లాకు కేటాయిస్తుంది.

ఒక్కసారి మీ చేతులతో చేసి చూస్తే పది పేజీలు చదివినదానికంటే బాగా అర్థమవుతుంది. ట్రంకేట్ కమాండ్‌తో 10 జీబీ ఫైల్ ఒకటి సృష్టించండి, రెప్పపాటులో అయిపోతుంది. ఫైల్ వివరాలు చూపే స్టాట్ కమాండ్ కొడితే సైజు 1073,74,18,240 బైట్లు, బ్లాకులు 0 అని చూపిస్తుంది. ఇప్పుడు డీడీతో, ఈసారి నోట్రంక్ పెట్టి, ఫైల్ మధ్యలో ఎక్కడైనా ఒక్క బైట్ రాయండి. మళ్లీ స్టాట్ చూడండి. సైజు అదే, బ్లాకులు 8. ఇక్కడ స్టాట్ లెక్కపెట్టేది 512 బైట్ల ముక్కలను కాబట్టి 8 అంటే 4096 బైట్లు. ఎక్స్‌టీ4 అనే లినక్స్ ఫైల్ సిస్టమ్‌లో అది ఒక్క బ్లాకు. ఒక్క బైట్ కోసం 4 కేబీ ఖర్చయింది, మిగతాదంతా ఇంకా గాలే. ఇప్పుడు ఆ ఫైల్‌ను క్యాట్‌తో మరో ఫైల్‌లోకి మళ్లించి చూడండి. కొత్త ఫైల్ 10 జీబీ నిజంగానే మింగేస్తుంది. రెండింటి షా256 చెక్‌సమ్ (డేటాను బట్టి లెక్కగట్టే వేలిముద్ర లాంటి అంకె) మాత్రం అక్షరం పొల్లు పోకుండా ఒకటే.

మీ సమస్య మొత్తం ఆ చివరి రెండు వాక్యాల్లో ఉంది. హోల్ ఎక్కడుందన్న సమాచారం ఫైల్ డేటాలో లేదు, ఫైల్ సిస్టమ్ దగ్గరున్న మ్యాప్‌లో ఉంది. మామూలు రీడ్ కాల్‌తో చదివే ప్రోగ్రామ్‌కు హోల్ నుంచి వచ్చిన సున్నా, డిస్క్ నుంచి వచ్చిన సున్నా ఒకేలా కనిపిస్తాయి. మీ టార్ 500 జీబీ చదివింది, అందులో 460 జీబీ పైచిలుకు కెర్నల్ అక్కడికక్కడ పుట్టించిన సున్నాలు. జీజిప్ వాటిని నమిలింది. జీజిప్ వాడే డిఫ్లేట్ పద్ధతి ఎంత నొక్కినా సుమారు వెయ్యికి ఒకటి దాకానే కుదించగలదు కాబట్టి ఆ సున్నాలకు అర జీబీ కూడా పట్టలేదు. అందుకే బ్యాకప్ చిన్నగా కనిపించింది. చాలామంది ఇక్కడే మోసపోతారు. కంప్రెషన్ ఉంది కదా, స్పార్స్ గురించి బెంగ ఎందుకు అంటారు. కంప్రెషన్ నిల్వ ఖర్చును తగ్గిస్తుంది, చదివే సమయాన్ని తగ్గించదు, రీస్టోర్‌లో అసలే ఆదుకోదు. విప్పినప్పుడు ఆ సున్నాలన్నీ నిజమైన బ్లాకులుగా డిస్క్ మీదికి దిగుతాయి.

విప్పే సాధనాల్లోనూ తేడాలున్నాయి. ఎక్స్‌జెడ్, జెడ్‌ఎస్‌టీడీ రెండూ ఫైల్‌లోకి విప్పేటప్పుడు సున్నాల వరుసలను వాటంతట అవే హోల్స్‌గా మారుస్తాయి. జీజిప్ ఆ పని చేయదు. కాకపోతే ఒక్క డిస్క్ ఫైల్‌నే నేరుగా కుదించినప్పుడే ఆ సౌకర్యం అక్కరకొస్తుంది. మధ్యలో టార్ ఉంటే విప్పిన డేటా పైప్‌లోకి పోతుంది, పైప్‌లో హోల్ అనేదే ఉండదు.

సరైన పద్ధతి ఏమిటంటే, చదివే ప్రోగ్రామ్ ముందుగా ఫైల్ సిస్టమ్‌నే అడగాలి. దానికి, ఫైల్‌లో చదివే చోటును మార్చే ఎల్‌సీక్ కాల్‌లో సీక్ డేటా, సీక్ హోల్ అనే రెండు విధానాలున్నాయి. ఈ చోటు తర్వాత డేటా ఎక్కడ మొదలవుతుంది, హోల్ ఎక్కడ మొదలవుతుంది అని అడగడమే. ఇవి సొలారిస్‌లో పుట్టాయి, 2011లో లినక్స్ 3.1లోకి వచ్చాయి. అడిగేవాడికి సమాధానం చెప్పగల ఫైల్ సిస్టమ్ కూడా అటువైపు ఉండాలి. ఈ సంగతి తెలియని ఫైల్ సిస్టమ్ అయితే ఫైలంతా డేటాయే, హోల్ ఫైల్ చివర ఉంది అని చెప్పేస్తుంది. అది అబద్ధం కాదు, ఉపయోగం లేని నిజం. నెట్‌వర్క్ మీద ఫైళ్లు పంచుకునే ఎన్‌ఎఫ్‌ఎస్ 3 ద్వారా మౌంట్ చేసిన చోట జరిగేది ఇదే. ఎన్‌ఎఫ్‌ఎస్ 4.2లో మాత్రం ఆ ప్రశ్నను సర్వర్‌కు చేరవేసే ఏర్పాటు ఉంది.

కాపీ చేసే సీపీ కమాండ్ సంగతి వేరు. లినక్స్ ప్రాథమిక కమాండ్ల సమూహమైన కోర్‌యుటిల్స్‌లోని సీపీకి స్పార్స్ ఆప్షన్‌లో ఆటో, ఆల్వేస్, నెవర్ అని మూడు విలువలున్నాయి. ఏమీ ఇవ్వకపోతే ఆటో. మూల ఫైల్ స్పార్స్‌గా కనిపిస్తే ఉన్న హోల్స్‌ను కాపాడుతుంది, అంతే. ఆల్వేస్ ఇస్తే నిజంగా బ్లాకులున్న సున్నాల వరుసలను కూడా హోల్స్‌గా మారుస్తుంది. ఇప్పటికే ఉబ్బిపోయిన ఫైల్‌ను సన్నబరచడానికి అన్నిటికంటే సురక్షితమైన మార్గం ఇదే. కాపీ తయారవుతుంది, సరిచూసుకుంటారు, తర్వాతే పాతది తీసేస్తారు.

టార్‌కు క్యాపిటల్ ఎస్ ఇవ్వాలి. ఇది ఆర్కైవ్ చేసేటప్పుడు ఇవ్వాల్సిన ఆప్షన్, విప్పేటప్పుడు ఇచ్చి లాభం లేదు. పాత జీఎన్‌యూ టార్ ఈ ఆప్షన్‌తో ఫైల్‌ను రెండుసార్లు చదివేది. హోల్స్ మ్యాప్‌ను డేటా కంటే ముందు ఆర్కైవ్‌లో రాయాలి కాబట్టి మొదటిసారి మ్యాప్ కోసం, రెండోసారి డేటా కోసం. 2016లో వచ్చిన 1.29 వెర్షన్ నుంచి హోల్ డిటెక్షన్ అనే ఆప్షన్ ఉంది. సీక్ పద్ధతిలో అయితే ఫైల్ సిస్టమ్‌ను అడిగి 38 జీబీ మాత్రమే చదువుతుంది. మీ బ్యాకప్ గంటల నుంచి నిమిషాలకు దిగేది ఇక్కడే. ఒక చిక్కు కూడా చెప్పాలి. ఇలా చేసిన ఆర్కైవ్‌ను స్పార్స్ రూపం తెలియని పాత టార్ ప్రోగ్రామ్‌తో విప్పితే జీఎన్‌యూ స్పార్స్‌ఫైల్ అనే పేరుతో ఒక డైరెక్టరీ, అందులో కుదించుకుపోయిన వింత ఫైల్ కనిపించవచ్చు. అది పాడైన డేటా కాదు, మ్యాప్ ఒకచోట, సరుకు ఒకచోట ఉన్న రూపం. జీఎన్‌యూ టార్‌తో మళ్లీ విప్పితే సరిపోతుంది.

రెండు చోట్ల ఫైళ్లను ఒకేలా ఉంచే ఆర్‌సింక్‌కు కూడా స్పార్స్ ఆప్షన్ ఉంది, పొట్టి రూపం క్యాపిటల్ ఎస్సే. కానీ దాని పనితీరు వేరు. అది ఫైల్ సిస్టమ్‌ను హోల్స్ గురించి అడగదు. పంపే వైపు 500 జీబీ మొత్తం చదువుతుంది, అందుకునే వైపు సున్నాలు కనిపించిన చోట రాయకుండా దాటుతుంది. అంటే స్థలం మిగులుతుంది, సమయం మిగలదు. పెద్ద డిస్క్ ఫైళ్లను రోజూ ఆర్‌సింక్‌తో పంపే ఏర్పాటు నాకు అందుకే నచ్చదు. పనిచేస్తుంది, కానీ ప్రతి రాత్రీ గాలిని తూకం వేస్తూ కూర్చుంటుంది. నెట్‌వర్క్ మీద కాపీ చేసే ఎస్‌సీపీకి ఈ విషయమే తెలియదు, స్పార్స్ ఫైళ్లకు దాన్ని వాడవద్దు.

రెస్టిక్, బోర్గ్ లాంటి బ్యాకప్ ప్రోగ్రామ్‌లు ఒకే రకం ముక్కలను ఒక్కసారే దాచుకుంటాయి కాబట్టి సున్నాలు ఎన్ని జీబీలున్నా నిల్వలో లెక్కకు రావు. అయినా రీస్టోర్‌లో రెండింటికీ స్పార్స్ ఆప్షన్‌ను విడిగా అడగాలి. అడగకపోతే మీకు ఇప్పుడు వచ్చిన సమస్యే మళ్లీ వస్తుంది.

వర్చువల్ డిస్కుల్లో ఇంతకంటే లోతైన సమస్య ఇంకొకటి ఉంది. మీ 38 జీబీ అంకె కాలం గడిచేకొద్దీ పెరుగుతుంది, లోపలి మెషీన్‌లో ఫైళ్లు తొలగించినా తగ్గదు. లోపలి ఫైల్ సిస్టమ్ ఫైల్‌ను తొలగించినప్పుడు తన జాబితాలో మాత్రమే కొట్టేస్తుంది, పాత డేటా ఆ బ్లాకుల్లో అలాగే ఉంటుంది. బయటి సర్వర్‌కు అది డేటాయే, సున్నా కాదు. కాబట్టి సీపీ ఆల్వేస్ కూడా దాన్ని వదిలించలేదు. లోపలి నుంచే ఈ బ్లాకులు నాకు అక్కర్లేదు అని చెప్పించాలి, అదే డిస్కార్డ్. వర్చువల్ మెషీన్లను నడిపే క్యూఈఎంయూలో ఆ డిస్క్‌కు డిస్కార్డ్ దగ్గర అన్‌మ్యాప్ అని పెట్టి, లోపలి మెషీన్‌లో ఎఫ్‌ఎస్‌ట్రిమ్ నడిపితే ఆ కబురు కిందికి దిగి, బయటి ఫైల్‌లో అక్కడికక్కడ హోల్స్ పడతాయి. వర్టియో స్కజీ అనే రకం వర్చువల్ డిస్కులకు ఇది ఎప్పటినుంచో ఉంది. వర్టియో బ్లాక్ అయితే క్యూఈఎంయూ 4.0, లోపల లినక్స్ 5.0 లేదా ఆ తర్వాతివి ఉండాలి. వారానికి ఒకసారి ఎఫ్‌ఎస్‌ట్రిమ్ నడిచే టైమర్ చాలా లినక్స్ పంపిణీల్లో సిద్ధంగానే ఉంటుంది, అది ఆన్‌లో ఉందో లేదో చూడండి.

దీనికి పాత చిట్కా ఒకటి తిరుగుతూ ఉంటుంది. లోపలి మెషీన్‌లో డిస్క్ నిండేదాకా సున్నాలతో ఒక ఫైల్ రాసి, దాన్ని తొలగించి, తర్వాత బయట కాపీ తీయమంటారు. ఫలితం వస్తుంది, కాదనను. కానీ ఆ సున్నాలు రాసేటప్పుడు మీ ఫైల్ 38 నుంచి 500 జీబీకి నిజంగానే ఉబ్బుతుంది. బయటి డిస్క్‌లో అంత చోటు లేకపోతే నడుస్తున్న మెషీన్ చతికిలబడుతుంది. డిస్కార్డ్ పనిచేసే చోట ఈ చిట్కా అక్కర్లేదు.

అలాగే ఫాలొకేట్ కమాండ్‌లో డిగ్ హోల్స్ అనే ఆప్షన్ ఉంది. ఉన్న ఫైల్‌లోనే సున్నాలను వెతికి హోల్స్ తవ్వుతుంది, రెండో కాపీకి చోటు లేనప్పుడు ఎంతో అక్కరకొస్తుంది. కెర్నల్‌లో హోల్ తవ్వే సదుపాయం 2011లో 2.6.38తో వచ్చింది. వర్చువల్ మెషీన్ నడుస్తుండగా మాత్రం దీన్ని ఆ ఫైల్ మీద ప్రయోగించకండి. కమాండ్ ఒక చోట సున్నాలు చూసి, తవ్వేలోపు మెషీన్ అక్కడ ఏదైనా రాస్తే ఆ రాసినది పోతుంది. మెషీన్‌ను ఆపాకే చేయండి.

హోల్స్ సమాచారం మీద ఆధారపడడంలో ప్రమాదం లేదా అంటే, ఉంది. ఫైల్ సిస్టమ్ చెప్పిన మాట తప్పయితే కాపీలో డేటా ఉండాల్సిన చోట సున్నాలు పడతాయి, ఎక్కడా ఎర్రర్ రాదు. ఇది ఊహ కాదు. 2011లో కోర్‌యుటిల్స్ 8.10లో సీపీ ఫైమ్యాప్ అనే కాల్‌తో ఫైల్ మ్యాప్‌ను చదవడం మొదలుపెట్టినప్పుడు, ఇంకా డిస్క్‌కు చేరని డేటా మ్యాప్‌లో కనిపించక కొన్ని ఫైల్ సిస్టమ్‌ల మీద కాపీలు దెబ్బతిన్నాయి. 2021లో వచ్చిన 9.0 ఫైమ్యాప్‌ను వదిలి సీక్ హోల్‌కు మారింది. 2023 నవంబరులో మరో కథ. ఓపెన్‌జెడ్‌ఎఫ్‌ఎస్ అనే ఫైల్ సిస్టమ్ 2.2 వెర్షన్‌లో కాపీ చేసిన ఫైళ్లలో సున్నాలు కనిపించాయి. అందరూ ముందు కొత్తగా వచ్చిన, బ్లాకులను కాపీ చేయకుండా పంచుకునే బ్లాక్ క్లోనింగ్‌ను అనుమానించారు. తవ్వి చూస్తే, అప్పుడే రాసిన ఫైల్‌లో ఇంకా డిస్క్‌కు చేరని మార్పులున్నాయా లేదా అని చూసే పాత తనిఖీలో లోపం బయటపడింది. డేటా ఉన్న చోటే హోల్ ఉందని ఫైల్ సిస్టమ్ చెప్పేది, కొత్త సీపీ ఆ మాట నమ్మేది. 2.2.2, 2.1.14 వెర్షన్లలో సరిచేశారు. రెండు సందర్భాల్లోనూ ముప్పు అప్పుడే రాసిన ఫైళ్లకే. అందుకే నడుస్తున్న ఫైల్‌ను నేరుగా బ్యాకప్ తీయకుండా స్నాప్‌షాట్ (ఒక క్షణంలో ఉన్న స్థితిని పట్టి ఉంచే కాపీ) నుంచి తీయాలంటాను. అలా తీస్తే బ్యాకప్ మధ్యలో ఫైల్ మారిపోయే సమస్య కూడా పోతుంది.

డిస్క్ ఫైళ్లు లేని సర్వర్‌లోనూ స్పార్స్ ఫైల్ ఒకటి దాగి ఉండవచ్చు. వార్ లాగ్ కింద ఉండే లాస్ట్‌లాగ్ ఫైల్‌ను చూడండి. ప్రతి యూజర్ చివరిసారి ఎప్పుడు లాగిన్ అయ్యాడో అందులో ఉంటుంది. 64 బిట్ ఇంటెల్ మెషీన్లలో ఒక్కో రికార్డు 292 బైట్లు, యూజర్ ఐడీని 292తో గుణిస్తే వచ్చే చోట అతని రికార్డు పడుతుంది. ఐడీలు వెయ్యి, రెండు వేలు ఉన్నంత కాలం ఫైల్ చిన్నదే. సర్వర్‌ను డొమైన్‌కు, అంటే సంస్థ మొత్తానికీ ఉండే యూజర్ ఖాతాల వ్యవస్థకు, కలిపాక ఐడీలు వంద కోట్లు దాటుతుంటాయి. 123 కోట్ల దగ్గరున్న ఒక్క యూజర్ లాగిన్ అయితే చాలు, ఫైల్ నిడివి దాదాపు 360 జీబీ అవుతుంది. డిస్క్ మీద పట్టేది కొన్ని కిలోబైట్లే. స్పార్స్ సంగతి తెలియని బ్యాకప్ ప్రోగ్రామ్ మాత్రం ఆ 360 జీబీ శ్రద్ధగా చదువుతుంది. చిన్న సర్వర్ బ్యాకప్ ఉన్నట్టుండి తెల్లవార్లూ నడవడం మొదలైతే నేను మొదట చూసేది ఈ ఫైల్‌నే. దాన్ని బ్యాకప్ నుంచి మినహాయిస్తే పోయేదేమీ లేదు.

విండోస్ వైపు క్లుప్తంగా: ఎన్‌టీఎఫ్‌ఎస్‌లో విండోస్ 2000 నుంచి స్పార్స్ ఫైళ్లున్నాయి, కానీ ఫైల్‌కు స్పార్స్ గుర్తు పెట్టి ఉండాలి. ఎఫ్ఎస్‌యుటిల్ కమాండ్‌తో చూడవచ్చు, పెట్టవచ్చు. మామూలు కాపీలో ఆ గుణం నిలుస్తుందని నమ్మకండి. మాక్‌లో ఏపీఎఫ్‌ఎస్‌కు స్పార్స్ తెలుసు, అంతకుముందున్న హెచ్‌ఎఫ్‌ఎస్ ప్లస్‌కు తెలియదు. ఫ్యాట్32, ఎక్స్‌ఫ్యాట్‌లకు కూడా తెలియదు కాబట్టి పెన్‌డ్రైవ్ మీదికి ఫైల్‌గా కాక ఆర్కైవ్‌గానే తీసుకెళ్లండి.

అన్ని ఫైళ్లనూ స్పార్స్ చేసేయాలన్న ఉత్సాహం వస్తే మాత్రం ఆగండి. మెమరీ చాలనప్పుడు వాడే స్వాప్ ఫైల్‌లో హోల్స్ ఉంటే లినక్స్ దాన్ని తీసుకోనే తీసుకోదు. డేటాబేస్ ముందుగా కేటాయించుకున్న ఫైళ్లు సున్నాలతో ఉన్నాయంటే అది వృథా కాదు, రేపు రాసేటప్పుడు చోటు లేదనే మాట రాకుండా చేసుకున్న ఏర్పాటు. వాటిలో హోల్స్ తవ్వితే ఆ హామీ పోతుంది. హోల్‌లోకి రాసేటప్పుడు డిస్క్ నిండి ఉంటే, ఫైల్ నిడివి లోపలే రాస్తున్నా రైట్ విఫలమవుతుంది. చాలా ప్రోగ్రామ్‌లు దీన్ని ఊహించవు. ఫైల్‌ను మెమరీ మ్యాప్ చేసి వాడుతున్న ప్రోగ్రామ్‌కైతే ఎర్రర్ కోడ్ కూడా రాదు, సిగ్‌బస్ సిగ్నల్ వచ్చి అక్కడికక్కడే ఆగిపోతుంది. క్యూఈఎంయూ కొంత మర్యాదగా, మామూలు అమరికల్లో మెషీన్‌ను పాజ్ చేసి మీరు చోటు కల్పించేదాకా ఎదురుచూస్తుంది.

మీ 250 జీబీ డిస్క్‌కు కూడా ఇది వర్తిస్తుంది. ఫైల్ ఇప్పుడు 38 జీబీయే కాబట్టి పడుతుంది, కానీ లోపలి మెషీన్ తనకు 500 జీబీ ఉందనే అనుకుంటుంది. ఈ డిస్క్ మీదే శాశ్వతంగా నడపాలనుకుంటే బయటి డిస్క్ ఖాళీ మీద హెచ్చరిక పెట్టుకోండి, 70 శాతం దగ్గర పెట్టడం నా అలవాటు. లోపలి నుంచి డీఎఫ్ చూపించే ఖాళీ ఇక్కడ ఎందుకూ పనికిరాదు.

ముందుగా చెప్పిన టార్, డీడీ పద్ధతిలో ఫైల్ బయటికొచ్చాక రెండు విషయాలు సరిచూడండి. అసలు ఫైల్ బ్యాకప్ తీసిన నాటి నుంచి మారకుండా ఉంటే రెండింటి చెక్‌సమ్ పోల్చండి. అసలుది పోయి ఉంటే లోపలి ఫైల్ సిస్టమ్ మీద తనిఖీ ప్రోగ్రామ్ ఎఫ్ఎస్‌సీకే నడపండి. చెక్‌సమ్ సరిపోయినంత మాత్రాన ఫైల్ స్పార్స్‌గా వచ్చినట్టు కాదు కాబట్టి డీయూ విడిగా చూడాలి. 38కి ఒకటి రెండు జీబీలు అటూ ఇటూ వస్తే కంగారు పడకండి. 64 కేబీ బ్లాకులో ఒక్క బైట్ సున్నా కాకపోయినా డీడీ ఆ బ్లాకంతా రాస్తుంది, అలాగే పాత ఫైల్‌లో నిజంగా రాసి ఉన్న సున్నాలు ఇప్పుడు హోల్స్ అయిపోయి ఉంటాయి. తేడా పదుల జీబీల్లో ఉంటే మాత్రం డీడీకి ఇచ్చిన ఆప్షన్లను, రాసిన చోటున్న ఫైల్ సిస్టమ్ ఏదో మరోసారి చూసుకోండి.